హైడ్రోజన్ బ్రీత్ టెస్ట్: పాలమూరు, నల్లగొండ వైపు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కడుపుబ్బరం, గ్యాస్, తేన్పులు అంటూ ఏళ్ళ తరబడి గోలీలు మింగినవాళ్ళకు ఏదో ఒకరోజు డాక్టరు "ఒకసారి బ్రీత్ టెస్ట్ చేయించుకురండి" అని చీటీ రాసిస్తారు. అక్కడి నుంచి సందేహాలు మొదలవుతాయి. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి ఎటువైపు వాళ్ళు అడిగినా ఇంచుమించు అవే ప్రశ్నలు కాబట్టి అన్నిటినీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. పరీక్ష చేసే చోట ఇచ్చిన సూచనల కాగితంలో వేరేగా ఉంటే మాత్రం ఆ కాగితమే పాటించండి.

## పరీక్షకు ఒప్పుకునే ముందు

నోటితో ఊదితే కడుపు సంగతి ఎట్లా తెలుస్తుంది?

మన ఒంట్లోని కణాలు హైడ్రోజన్‌ని తయారుచేయలేవు. ఊపిరిలో హైడ్రోజన్ కనిపించిందంటే అది పేగుల్లోని బ్యాక్టీరియా పనే. అరగకుండా మిగిలిన చక్కెరలు, పిండి పదార్థాలు వాటికి దొరికితే దోసె పిండి పులిసి పొంగినట్టు అక్కడా పులుస్తుంది, గ్యాస్ పుడుతుంది. అందులో కొంత కిందినుంచి పోతుంది. కొంత పేగు గోడల గుండా రక్తంలో కలిసి, ఊపిరితిత్తులకు చేరి, శ్వాసతో బయటికి వస్తుంది. అమెరికా వైద్యుడు మైకేల్ లెవిట్ 1969లో దీన్ని కొలిచి చూపించారు. ఇప్పుడు చేసే పరీక్ష కూడా అదే సూత్రం మీద నడుస్తుంది: ఒక చక్కెర తాగించి, ఎంతసేపటికి ఎంత గ్యాస్ వచ్చిందో చూస్తారు.

పోలీసులు డ్రంకెన్ డ్రైవ్‌లో ఊదించే మిషన్ లాంటిదేనా?

ఊదడం వరకే పోలిక. పోలీసులది ఆల్కహాల్ కోసం. ఇది పేగుల్లోని జీవులు వదిలే హైడ్రోజన్, మీథేన్ అనే గ్యాస్‌ల కోసం.

మా ఊర్లో ఒకాయనకు బ్రీత్ టెస్ట్‌లో "హెచ్ పైలోరీ" అని వచ్చింది. ఇదీ అదేనా?

కాదు. ఈ రెండింటినీ కలిపేసుకుని తప్పు పరీక్షకు డబ్బు కట్టి వచ్చినవాళ్ళు ఉన్నారు. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనేది జీర్ణాశయంలో ఉండి పుండ్లు తెచ్చే బ్యాక్టీరియా. దాన్ని కనిపెట్టినందుకు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. దానికోసం చేసేది యూరియా బ్రీత్ టెస్ట్. ప్రత్యేకమైన కార్బన్ ఉన్న యూరియా మింగించి, ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూస్తారు. హైడ్రోజన్ బ్రీత్ టెస్ట్ పేగుల్లో చక్కెర ఎట్లా పులుస్తోందో చూస్తుంది. చీటీ మీద "యూరియా" ఉందా, "హైడ్రోజన్" ఉందా అని బస్సెక్కే ముందే చూసుకోండి. రెండింటికీ ముందు చేసుకోవాల్సిన సిద్ధత కూడా వేరు.

గ్యాస్ సమస్య ఉన్న ప్రతివాళ్ళూ చేయించుకోవాలా?

అక్కర్లేదు. పాలు తాగిన గంటా రెండు గంటల్లో కడుపు గడబిడ అయ్యేవాళ్ళు, ఎంత మందు వాడినా తగ్గని ఉబ్బరం, విరేచనాలు ఉన్నవాళ్ళు, పేగుకు ఆపరేషన్ అయినవాళ్ళు, ఎక్కువకాలంగా షుగర్ ఉండి కడుపు సరిగా కదలనివాళ్ళు, వీళ్ళకు డాక్టర్లు రాస్తారు. పెళ్ళి భోజనం తర్వాత ఒకపూట కడుపు బిగుసుకుంటే ఈ పరీక్ష దాకా రానవసరం లేదు.

ఇంకోమాట. బరువు తగ్గిపోవడం, మలంలో రక్తం, రక్తహీనత, మింగడం కష్టం కావడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం ఉంటే ముందు బ్రీత్ టెస్ట్ వెంట పడకండి. వాటికి ఎండోస్కోపీ, కొలనోస్కోపీ లాంటివి ముందు కావాలి. బ్రీత్ టెస్ట్ నార్మల్ అని వచ్చినంత మాత్రాన క్యాన్సర్ లేదని కాదు.

షుగర్ గోలీల వల్ల కూడా గ్యాస్ వస్తుందా?

వస్తుంది. చాలామందికి ఎవరూ చెప్పని సంగతి ఇది. వోగ్లిబోస్, అకార్బోస్ అనే మందులు పిండి పదార్థం అరగడాన్ని కావాలనే నెమ్మది చేస్తాయి. మిగిలిపోయిన పిండి కిందికి వెళ్ళి పులుస్తుంది. కడుపు ఉబ్బడం, గ్యాస్ పోవడం వాటికి తెలిసిన దుష్ప్రభావాలే. మెట్‌ఫార్మిన్ కూడా కొందరికి కడుపు పాడుచేస్తుంది. మీ షుగర్ గోలీ స్ట్రిప్ వెనక చిన్నక్షరాల్లో ఈ పేర్లు ఉన్నాయేమో చూసి డాక్టరుకు చూపించండి. మందు మార్చడంతోనే సర్దుకుంటే పరీక్షే అవసరం పడకపోవచ్చు. మీ అంతట మీరు మాత్రం మానేయకండి.

మాది ఫ్లోరైడ్ నీళ్ళ ఊరు. ఆ సంగతి ఇందులో తెలుస్తుందా?

తెలియదు. ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలు, పళ్ళతో పాటు కడుపుకూ ఇబ్బంది ఉంటుంది, నిజమే. కానీ అది ఊపిరిలో దొరకదు. తాగే నీళ్ళు, మూత్రం పరీక్ష చేయిస్తే తెలుస్తుంది.

## పరీక్ష బుక్ చేసుకునేటప్పుడు

లాక్టోజ్, గ్లూకోజ్, లాక్టులోజ్, ఫ్రక్టోజ్ అని నాలుగు పేర్లు చెప్తున్నారు. ఏది చేయించుకోవాలి?

ఏది తాగిస్తే దానికి సంబంధించిన జవాబే వస్తుంది కాబట్టి ఇది మీరు కాకుండా డాక్టరు తేల్చాల్సిన విషయం. అయినా తెలుసుకుని ఉంటే మంచిది.

లాక్టోజ్ పాలలోని చక్కెర. అది అరుగుతోందా లేదా అని చూడ్డానికి మామూలుగా 25 గ్రాములు ఇస్తారు. ఫ్రక్టోజ్ పండ్లలో, తేనెలో ఉండే చక్కెర. దానికీ 25 గ్రాములే. గ్లూకోజ్, లాక్టులోజ్ రెండూ వేరే పనికి: చిన్నపేగులో ఉండకూడనన్ని బ్యాక్టీరియా చేరాయా అని చూడ్డానికి. ఆ స్థితిని సిబో అంటారు. గ్లూకోజ్ సాధారణంగా 75 గ్రాములు, లాక్టులోజ్ 10 గ్రాములు.

గ్లూకోజ్ చిన్నపేగు మొదటి భాగంలోనే రక్తంలోకి వెళ్ళిపోతుంది. కాబట్టి చివరి భాగంలో బ్యాక్టీరియా ఉంటే దానికి చిక్కకపోవచ్చు. లాక్టులోజ్‌ని మన ఒళ్ళు అరిగించుకోలేదు, అది పేగంతా ప్రయాణం చేస్తుంది. పేగు వేగంగా కదిలేవాళ్ళలో అది తొందరగా పెద్దపేగు చేరిపోయి, లేని సిబోని ఉన్నట్టు చూపించగలదు. దేని లోపం దానికుంది.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో చేస్తారా, హైదరాబాద్ పోవాల్సిందేనా?

మామూలు రక్తపరీక్షలా ప్రతి ల్యాబ్‌లో ఉండదు. ముందు జిల్లా కేంద్రంలోని గ్యాస్ట్రో డాక్టరు దగ్గర, పెద్ద ల్యాబ్‌లలో అడగండి. లేకపోతే హైదరాబాద్. ఎక్కడికి ఫోన్ చేసినా "బ్రీత్ టెస్ట్ ఉందా" అని ఊరుకోకండి. ఏ చక్కెర ఇస్తారు, హైడ్రోజన్‌తో పాటు మీథేన్ కూడా కొలుస్తారా, ఎన్ని గంటలు, ఎన్ని శాంపిళ్ళు, ఖర్చెంత, ఎన్నింటికి రావాలి, ఇవన్నీ అడగండి. మీథేన్ కొలవని చోట మలబద్ధకం ఉన్నవాళ్ళకు సగం జవాబే దొరుకుతుంది.

పరగడుపున ఉదయాన్నే మొదలుపెడతారు కాబట్టి అచ్చంపేట, దేవరకొండ లాంటి దూరం నుంచి వచ్చేవాళ్ళు ముందురోజు సాయంత్రమే చేరుకుని చుట్టాలింట్లో ఆగడం నయం. కాకపోతే ఆ ఇంట్లోవాళ్ళు ప్రేమగా పెట్టే పూరీలు, పాలకోవా ఆ రాత్రికి వద్దని ముందే చెప్పేయండి.

పిల్లలకు చేయొచ్చా? గర్భంతో ఉన్నవాళ్ళకు?

సూది లేదు, రేడియేషన్ లేదు, కాబట్టి ఊదమంటే ఊదగలిగిన పిల్లలకు బాగానే కుదురుతుంది. చక్కెర మోతాదు బరువును బట్టి తగ్గుతుంది. పండ్లు, తీపి తిన్న ప్రతిసారీ పసితనం నుంచీ వాంతులు, నీరసం వచ్చే పిల్లలుంటే ఫ్రక్టోజ్ పరీక్షకు ముందే తప్పకుండా చెప్పాలి. పుట్టుకతో ఫ్రక్టోజ్ పడని అరుదైన జబ్బు ఉంటే అది ప్రమాదం. గర్భిణులు అత్యవసరం కాకపోతే కాన్పు తర్వాతకు వాయిదా వేసుకోవచ్చు. ఉపవాసమే వాళ్ళకు ఇబ్బంది.

## ముందు వారాలు, ముందురోజు

ఏ మందులు ఆపాలి?

యాంటీబయాటిక్ వాడితే చివరి గోలీ నుంచి 4 వారాలు ఆగాలి. జ్వరానికి ఊర్లో ఆర్ఎంపీ ఇచ్చిన రెండు రోజుల కోర్సు కూడా లెక్కలోకే వస్తుంది. "అది చిన్న గోలీయే కదా" అని దాచకండి. విరేచనం సాఫీగా కావడానికి వేసుకునే మందులు, పేగు కదలికను పెంచే మందులు కనీసం వారం ముందు ఆపమంటారు. ఇసబ్‌గోల్ కూడా ఆపమని చెప్తారు. కొలనోస్కోపీ కోసం కడుపు ఖాళీ చేయించుకుని ఉంటే ఆ తేదీ చెప్పండి, కొన్ని వారాలు ఆగమనవచ్చు. పాంటాప్రజోల్ లాంటి ఎసిడిటీ గోలీలను హైడ్రోజన్ పరీక్ష కోసం ఆపాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. బీపీ, థైరాయిడ్, గుండె మందులు సొంతంగా ఆపొద్దు. ఆ ఉదయం గుక్కెడు నీళ్ళతో వేసుకోవచ్చా అని అడిగి రాసిపెట్టుకోండి.

ముందురోజు ఏం తినాలి? పప్పు లేకుండా మాకు ముద్ద దిగదు.

పరీక్ష చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. మిషన్ ఎంత మంచిదైనా ముందురోజు తిన్న అలసందల కూర ఇంకా పేగుల్లో పులుస్తూ ఉంటే మొదటి ఊపిరిలోనే అంకె పైకెక్కి కూర్చుంటుంది. ఆ రోజు పరీక్ష ఆపేసి, ఇంకో తేదీ ఇచ్చి పంపిస్తారు. వంద కిలోమీటర్ల ప్రయాణం దండగ.

వేడివేడి తెల్లన్నం మీ ఆధారం. బియ్యంలోని పిండి దాదాపు అంతా చిన్నపేగులోనే అరిగిపోతుంది. గోధుమ, మక్కజొన్న, ఆలుగడ్డల్లోది కొంత పెద్దపేగు దాకా వెళ్ళి పులుస్తుంది. అన్నం అప్పుడు వండిందే తినాలి. చల్లారిన అన్నంలో అరగని పిండి పెరుగుతుంది కాబట్టి ఆ రోజుకు చద్దన్నం వద్దు. అన్నంలోకి ఉడకబెట్టిన గుడ్డు, లేదా ఉప్పు, పసుపు, కొంచెం నూనెతో వండిన కోడికూర, చేప. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పడకూడదు. ఆ రెండూ లేకుండా కోడికూరేంటని ఇంట్లో గొడవ అవుతుంది, ఒక్కరోజే అని సర్దిచెప్పండి. బయట కొన్న మసాలా పొడిలోనూ, అల్లం ఎల్లిగడ్డ పేస్టులోనూ అవి ఉంటాయి.

శాకాహారులకు కష్టమే. అన్నం, నెయ్యి, ఉప్పు, మిరియాల పొడి. రెండు పూటలూ అంతే.

వద్దన్నవి: కందిపప్పు, పెసర్లు, శనగలు, బబ్బెర్లు, అనపగింజలు, జొన్నరొట్టె, సజ్జరొట్టె, చపాతీ, గటక, ఇడ్లీ, దోసె, పచ్చిపులుసు, పాలు, పెరుగు, టీ, కూరగాయలు, పండ్లు, బెల్లం, కూల్‌డ్రింకులు. సీతాఫలాల కాలంలో బాలానగర్ కాయ చేతికందినా, నల్లగొండ బత్తాయి రసం ఎండలో ఊరించినా ఒక్కరోజు ఓర్చుకోవాల్సిందే.

కల్లు తాగొచ్చా? పొద్దున్నే తాటికల్లు అయితే ఒంటికి మంచిదే కదా?

పరీక్ష ముందురోజు వద్దు. అందులో చక్కెరా ఉంటుంది, దాన్ని పులియబెట్టే జీవులూ ఉంటాయి, ఆల్కహాలూ ఉంటుంది. పరీక్షకు ఇంతకంటే పెద్ద అడ్డంకి ఉండదు.

రాత్రి ఎన్నింటికి తినడం ఆపాలి?

8 నుంచి 12 గంటల పరగడుపు కావాలి. రాత్రి 8 గంటలకల్లా ముగిస్తే చాలా ల్యాబ్‌లకు సరిపోతుంది. మంచినీళ్ళు తాగొచ్చు. టీ చుక్క కూడా వద్దు.

నాకు షుగర్ ఉంది. అంతసేపు తినకుండా ఉండి, పైగా గ్లూకోజ్ తాగాలా?

75 గ్రాముల గ్లూకోజ్ తాగితే మీ షుగర్ పెరుగుతుంది, అందులో సందేహం లేదు. పరగడుపున ఇన్సులిన్ వేసుకుంటే పడిపోయే ప్రమాదమూ ఉంది. కాబట్టి బుకింగ్ రోజే చెప్పండి. లాక్టులోజ్‌తో చేయడం కుదురుతుందేమో డాక్టరు చూస్తారు. ఆ ఉదయం గోలీ, ఇన్సులిన్ ఎట్లా అన్నది కాగితం మీద రాయించుకోండి. గ్లూకోమీటర్ ఉంటే వెంట తీసుకెళ్ళండి.

## పరీక్ష రోజు

పొద్దున్నే పళ్ళు తోముకోవచ్చా? బీడీ?

పళ్ళు తోముకోవాలి. నోట్లోని బ్యాక్టీరియా కూడా చక్కెరను పులియబెట్టి మొదటి అంకెల్ని పాడుచేయగలదు. అందుకే కొన్నిచోట్ల మౌత్‌వాష్‌తో పుక్కిలించమంటారు. బీడీ, సిగరెట్ మాత్రం వద్దు, ఆ పొగలోనే హైడ్రోజన్ ఉంటుంది. జర్దా, గుట్కా, చూయింగ్ గమ్, సోంపు కూడా పక్కన పెట్టండి.

అక్కడ అసలు ఏం చేస్తారు?

ముందు ఒక ఊపిరి శాంపిల్ తీసుకుంటారు. తర్వాత చక్కెర కలిపిన నీళ్ళ గ్లాసు ఇస్తారు. తాగేశాక ప్రతి 15, 20 లేదా 30 నిమిషాలకు ఒకసారి ఊదాలి. మొత్తం రెండు నుంచి మూడు గంటలు. ఊదడంలో ఒక పద్ధతి ఉంది: మామూలుగా గాలి పీల్చి, 15 సెకన్లు బిగబట్టి, నెమ్మదిగా చివరిదాకా వదలాలి. నోట్లోని గాలి వాళ్ళకు అక్కర్లేదు, ఊపిరితిత్తుల లోపలిది కావాలి. రొమ్ము నిండా పీల్చి బెలూన్‌లా గట్టిగా ఊదేస్తే అంకె తప్పుగా తక్కువ రావొచ్చు.

మధ్యలో నిద్రపోవద్దు, మెట్లెక్కి దిగొద్దు, బయటికెళ్ళి ఛాయ్ తాగొద్దు. కూర్చోండి. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని వెళ్ళండి.

చక్కెర తాగాక కడుపునొప్పి, విరేచనాలు వస్తే?

రావొచ్చు, ముఖ్యంగా లాక్టులోజ్‌తో. అది మలబద్ధకానికి వాడే మందే మరి. చాలామందికి ఆ రోజుతో సర్దుకుంటుంది. వచ్చిందని దాచుకోకుండా ఎన్ని గంటలకు ఉబ్బింది, ఎప్పుడు గుడగుడలాడింది, ఎప్పుడు బాత్రూంకి వెళ్ళారు అన్నది అక్కడ ఉన్నవాళ్ళకు చెప్పి రాయించండి. అంకె పెరిగినప్పుడే బాధ కూడా వచ్చిందా అన్నదే డాక్టరుకు కావాల్సింది. అంకె పెరిగి బాధ ఏమీ లేకపోతే అర్థం వేరు. సాయంత్రం బస్సు ప్రయాణం ఉంటే కొంచెం ఆగి బయల్దేరండి.

## రిపోర్టు వచ్చాక

రిపోర్టులో పీపీఎం అని ఉంది. ఎంతుంటే ఎక్కువ?

పీపీఎం అంటే పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళు అని. ఉత్తర అమెరికా నిపుణులు 2017లో ప్రకటించిన హద్దుల ప్రకారం, గ్లూకోజ్ లేదా లాక్టులోజ్ తాగిన 90 నిమిషాల్లోపు హైడ్రోజన్ మొదటి అంకె మీద 20 పీపీఎం గానీ ఇంకా ఎక్కువ గానీ పెరిగితే సిబో అనుకుంటారు. లాక్టోజ్, ఫ్రక్టోజ్‌లకైతే పరీక్ష మొత్తంలో ఎప్పుడైనా అంత పెరిగితే ఆ చక్కెర అరగడం లేదని. మీథేన్ ఎప్పుడైనా 10 పీపీఎం గానీ ఇంకా ఎక్కువ గానీ ఉంటే దాన్నీ పట్టించుకుంటారు. గ్లూకోజ్ పరీక్షకు 12 పీపీఎం పెరుగుదలనే హద్దుగా తీసుకునే చోట్లూ ఉన్నాయి. అందుకే ఒకచోట పాజిటివ్ అన్నది ఇంకోచోట నెగటివ్ కావొచ్చు. ఏ హద్దు వాడారో అడగండి.

ఒక ఉదాహరణ. లాక్టోజ్ తాగించాక అంకెలు ఇట్లా ఉన్నాయనుకోండి: మొదట 4, అరగంటకు 5, గంటకు 9, గంటన్నరకు 31, రెండు గంటలకు 58. మొదటి గంట పాల చక్కెర చిన్నపేగులో అరగకుండా దాటింది. తర్వాత పెద్దపేగు చేరి అక్కడి బ్యాక్టీరియాకు దొరికింది. ఒక్క పెద్ద అంకెను చూసి కంగారుపడేకంటే అది ఏ నిమిషంలో పెరగడం మొదలైందో చూడాలి.

మొదటి నుంచి చివరిదాకా అన్నీ 1, 2, 3 మాత్రమే ఉన్నాయి. అంటే నాకేం లేనట్టేనా?

అలా తేల్చలేం. కొందరి పేగుల్లో హైడ్రోజన్‌ని వాడేసుకునే జీవులుంటాయి. మీథేన్ తయారుచేసేవి నాలుగు పాళ్ళ హైడ్రోజన్ తిని ఒక పాలు మీథేన్ వదులుతాయి. అప్పుడు హైడ్రోజన్ గీత నేలబారుగానే ఉంటుంది. మీథేన్ కూడా కొలిచారా అని అడగండి. ఈమధ్యే యాంటీబయాటిక్ వాడి ఉన్నా ఇట్లా రావొచ్చు.

మీథేన్ ఎక్కువ అని రాశారు. భయపడాలా?

వద్దు. ఎక్కువ మీథేన్‌కి మలబద్ధకంతో సంబంధం కనిపిస్తోంది. ఆ గ్యాస్ పేగు కదలికను నెమ్మది చేస్తుంది. వైద్యం హైడ్రోజన్ రకానికి చేసేదానికంటే కొంచెం వేరుగా ఉంటుంది, అంతే.

నా పేగుల్లో మంచి బ్యాక్టీరియా ఎంత, చెడ్డది ఎంత అన్నది ఇందులో ఉంటుందా?

ఉండదు. ఏ జీవి ఎంతుందో ఈ పరీక్ష లెక్కపెట్టదు. ఒక చక్కెర ఇస్తే ఎప్పుడు, ఎంత గ్యాస్ వచ్చిందో మాత్రమే చెప్తుంది. నులిపురుగులు, అమీబా, గోధుమ పడని సీలియాక్ జబ్బు, కాలేయం సంగతులు కూడా ఇందులో తెలియవు. "పూర్తి గట్ హెల్త్ ప్యాకేజీ" అని ఈ రిపోర్టు చూపించి ప్రొబయాటిక్ డబ్బాలు అంటగట్టేవాళ్ళుంటే జేబు జాగ్రత్త.

## తర్వాత ఏం చేయాలి

పాలు పడవని వచ్చింది. ఇక పెరుగు, మజ్జిగ కూడా బందేనా?

బంద్ అక్కర్లేదు. పరీక్షలో ఇచ్చిన 25 గ్రాముల లాక్టోజ్ దాదాపు అర లీటరు పాలలో ఉండేంత. అంత ఒకేసారి, పరగడుపున ఎవరు తాగుతారు? చాలామందికి ఒక గ్లాసు వరకు, అదీ అన్నంతో కలిపి తీసుకుంటే బాధ ఉండదు. పెరుగులో కొంత లాక్టోజ్ ముందే తగ్గిపోయి ఉంటుంది, మిగిలింది అరగడానికి అందులోని బ్యాక్టీరియా సాయం చేస్తుంది. పెద్దయ్యాక పాల చక్కెర సరిగా అరగకపోవడం మన దక్షిణాదిలో ఎక్కువే, దాన్ని జబ్బు అనుకోనక్కర్లేదు. నీళ్ళ విరేచనాలు పట్టి తగ్గిన కొన్ని వారాలు కూడా పాలు పడకపోవచ్చు, అది మెల్లగా సర్దుకుంటుంది. పాలు బాగా తగ్గించేస్తే క్యాల్షియం కోసం తైదల జావ, నువ్వులు పెంచండి.

జొన్నరొట్టె మానేయమంటారా?

ఎందుకు? పరీక్షలో జొన్న సంగతే లేదు. ముందురోజు ఒక్కరోజు వద్దన్నది పరీక్ష కోసం, జీవితాంతం కాదు. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేదు, పులిసే చక్కెరలూ గోధుమలో కంటే తక్కువే. రొట్టె తిన్నాక కడుపుబ్బితే ముందు పక్కనున్న పప్పునీ, పచ్చి ఉల్లిగడ్డనీ, ఎల్లిగడ్డ కారాన్నీ అనుమానించండి. పప్పులు రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండితే గ్యాస్ తెచ్చే చక్కెరలు కొంత తగ్గుతాయి.

ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ తయారుచేసిన తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహారం అని డాక్టర్లు చెప్పేది ఇలా పేగుల్లో తేలిగ్గా పులిసి గ్యాస్ తెచ్చే చక్కెరలున్న పదార్థాలను కొన్ని వారాలు ఆపి, ఒక్కొక్కటి తిరిగి చేర్చి చూసే పద్ధతి. ఆపడం మాత్రం చేసి, తిరిగి చేర్చడం మర్చిపోతే తిండి సన్నబడి బలం పోతుంది.

సిబో అని వచ్చింది. మెడికల్ షాపులో రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ కొనేసుకోవచ్చా?

వద్దు. సిబోకి ఎక్కువగా వాడేది అదే, నిజమే. కానీ ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది మీ హైడ్రోజన్, మీథేన్ అంకెలను, లక్షణాలను బట్టి మారుతుంది. పైగా బ్యాక్టీరియా ఎందుకు చేరిందో వెతకాలి: పాత ఆపరేషనా, షుగర్ వల్ల పేగు మందగించిందా, థైరాయిడా. కారణం అట్లాగే ఉంటే కోర్సు అయిన కొన్నాళ్ళకే ఉబ్బరం తిరిగొస్తుంది.

మందు వాడాక మళ్ళీ ఊదాలా?

బాధ పోతే చాలామందికి అక్కర్లేదు. తగ్గకపోతేనో, తగ్గి తిరిగొస్తేనో డాక్టరు మళ్ళీ రాస్తారు. అప్పుడు యాంటీబయాటిక్ కోర్సు ముగిసిన తేదీ నుంచి 4 వారాలు లెక్కపెట్టుకుని, వీలైతే మొదట చేసిన చోటే, అదే చక్కెరతో చేయించండి. పాత రిపోర్టు వెంట తీసుకెళ్ళండి. గ్రాఫ్ లేకుండా "పాజిటివ్" అని ఒక్క మాటే ఇచ్చి ఉంటే, నిమిషాల వారీ అంకెలు కూడా అడిగి తీసుకోండి.